24 అడుగుల రౌండ్ పూల్‌కి కొత్త లైనర్: మనమే వేసుకోవచ్చా?

పెరటి_పూల్ (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్తే. పోయినేడు కొన్న ఇంటితో పాటు పెరట్లో ఒక అబవ్ గ్రౌండ్ పూల్ (నేల మీద నిలబెట్టే రకం) కూడా వచ్చింది. 24 అడుగుల రౌండ్, స్టీల్ గోడ, ఎత్తు 52 అంగుళాలు. లోపల నీళ్ళు ఆపే వినైల్ ప్లాస్టిక్ పొర, అదే లైనర్, ఎన్నేళ్ళదో పాత ఓనర్‌కే గుర్తు లేదట. రంగు వెలిసిపోయింది, స్కిమ్మర్ (నీటి పైన తేలే చెత్తని లాగే గోడ రంధ్రం) కింద పట్టుకుని చూస్తే అట్టలా బిరుసెక్కింది. ఒకచోట ప్యాచ్ వేస్తే పక్కన కారుతోంది.

ఇన్‌స్టాలర్లకు ఫోన్ చేస్తే జూలై దాకా ఖాళీ లేదంటున్నారు. వాళ్ళడిగే కూలి లైనర్ ధర కన్నా ఎక్కువ. పిల్లలకు జూన్‌లో సెలవులు మొదలవుతాయి, అప్పటికి నీళ్ళు లేకపోతే ఇంట్లో నా పని అయిపోతుంది. నేనూ మా బావమరిదీ కలిసి వేసేద్దామని ఆలోచన. ఇద్దరం సాఫ్ట్‌వేరే గానీ డ్రిల్లు పట్టడం వచ్చు.

ఓవర్‌ల్యాప్ కొనాలా, బీడెడ్ కొనాలా? మందం 20 గేజా, 25 గేజా? కింద ఇసుక చాలా, ఫోమ్ వేయాలా? అన్నిటికన్నా ముఖ్యంగా, ముడతలు రాకుండా ఎలా?

ఇంద్ర_అట్లాంటా

నా మాట విని మొత్తం పీకేసి ఫ్రేమ్ పూల్ (గొట్టాల చట్రానికి షీటు తగిలించే రకం) ఒకటి కొనుక్కోండి. ఒక్క మధ్యాహ్నంలో నిలబడుతుంది, లైనర్ గొడవే లేదు. చిరిగితే ఇంకోటి.

లత_ఫ్రిస్కో

ఇంద్ర గారూ, ఆయన పూల్ గోడ బాగుంటే దాన్ని ఎందుకు పారేయాలి? లైనర్ అనేది మార్చుకోవడానికే ఉంది. వాడకాన్ని బట్టి ఆరు నుంచి పదేళ్ళు వస్తుంది. గోడ అంతకు రెండింతలు నిలుస్తుంది.

పెరటి పూల్ గారూ, మేము డబ్బిచ్చి వేయించుకున్నాం. పక్కనే నిలబడి చూశాను కాబట్టి చెప్తున్నా: పని కష్టం కాదు, మనుషులు కావాలి. ఇద్దరు సరిపోరు. లైనర్‌ని గోడ మీదికి ఎత్తి చుట్టూ పట్టుకోవడానికి నలుగురైనా ఉండాలి.

కొలంబస్_మావయ్య (ఒహాయో)

మా ఇంట్లోనూ, మా పక్కింటి వాళ్ళదీ, మా అన్నయ్యదీ నా చేతుల మీదుగానే వేశాం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ పాత లైనర్ ఏ రకమో చూడండి. గోడ పైన మడతపెట్టి ప్లాస్టిక్ కోపింగ్ పట్టీలతో బిగించి, మిగిలింది బయటికి వేలాడుతుంటే అది ఓవర్‌ల్యాప్. గోడ పై అంచుకి ఒక గాడి ఉండి అందులోకి లైనర్ అంచు టక్కున దిగి ఉంటే బీడెడ్. గోడ అంచు మీద కొక్కెంలాగా తగిలించేది జే-హుక్. యూనీబీడ్ అని ఇంకొకటుంది, దాన్ని కొక్కెంగానూ వాడొచ్చు, కొక్కెం ముక్క తీసేసి గాడిలోనూ దింపొచ్చు. మీది ఓవర్‌ల్యాప్ అయితే, మొదటిసారి చేసేవాళ్ళు కాబట్టి మళ్ళీ ఓవర్‌ల్యాపే కొనండి. అడుగు ఒకచోట కాస్త లోతుగా, ఒకచోట ఎత్తుగా ఉన్నా పైన లాగి, వదిలి సర్దుకోవచ్చు. బీడెడ్ చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, తర్వాతిసారి మార్చడం తేలిక. కానీ గోడ ఎత్తుకి ఖచ్చితంగా సరిపోవాలి, అడుగు సమంగా ఉండాలి. అక్కడ సర్దుబాటు లేదు.

కొనేముందు టేపు పట్టి గోడ నుంచి గోడకి నాలుగైదు చోట్ల కొలవండి. డబ్బా మీద 24 అని ఉన్నంత మాత్రాన గోడ 24 అడుగులే ఉండాలని లేదు.

గేజ్ సంగతి: అబవ్ గ్రౌండ్ లైనర్ల మీద రాసే గేజ్ అసలు మందం కాదు. ఒక కంపెనీ 25 ఇంకో కంపెనీ 20తో సమానంగా ఉండొచ్చు. మిల్‌లలో (అంగుళంలో వెయ్యో వంతు) మందం ఎంతో అడగండి, చెప్పకపోతే వేరే చోట కొనండి. 25 ఏళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అందులో చాలావరకు అతుకుకే, అదీ ఏటేటా తగ్గుతూ పోతుంది.

ఇక అసలు సంగతి. లైనర్ పరచడం ఒక పూట పని. దానికి ముందు అడుగు, గోడ సిద్ధం చేయడానికి రెండు రోజులు పెట్టుకోండి. ముడత వచ్చినా, రెండో ఏడు చిరిగినా కారణం నూటికి తొంభై పాళ్ళు అడుగులోనే ఉంటుంది.

పెరటి_పూల్

మావయ్య గారూ, చాలా థాంక్స్. మాది ఓవర్‌ల్యాపే. చుట్టూ పాత లైనర్ వేలాడుతోంది. నీళ్ళు ఖాళీ చేయడం వచ్చే శుక్రవారం మొదలుపెడతాం.

కిరణ్_మిస్సిసాగా

ఖాళీ చేసేటప్పుడు ఒక్క మాట. క్లోరిన్ వేయడం కొన్ని రోజుల ముందే ఆపేసి, టెస్ట్ స్ట్రిప్‌లో సున్నాకి దిగాక వదలండి. వీధిలోని వాననీటి కాలవలోకి పంపకండి, చాలా ఊళ్ళలో ఫైన్ వేస్తారు. పచ్చికలోకి మెల్లగా వదలండి, పక్కింటి బేస్‌మెంట్ వైపు కాకుండా.

పాత లైనర్‌ని ఒకే ముక్కగా తీయాలని చూడొద్దు. యుటిలిటీ కత్తితో రెండు మూడు అడుగుల పట్టీలుగా కోసి చుట్టేయండి. కానీ గోడ పక్కన కోసేటప్పుడు జాగ్రత్త, కత్తి మొన గోడ పెయింట్‌ని గీస్తే అక్కడే తుప్పు మొదలు.

ఇసుకా ఫోమా అన్నారు. నేనైతే ఫోమ్ ప్యాడ్. ఇసుకలో చీమలు గూళ్ళు పెడతాయి, తుంగ గడ్డి మొలక లైనర్‌ని పొడుచుకుని పైకి వస్తుంది. మా ఇంట్లో చూశాను.

కొలంబస్_మావయ్య

కిరణ్, ప్యాడ్ వేసినా దాని కింద నేల సమంగా ఉండాల్సిందే. ప్యాడ్ గుంతల్ని కప్పుతుంది, పూడ్చదు. ఇసుక చేత్తో దిద్దుకోవచ్చు. ఇద్దరమూ కరెక్టే అనుకుందాం: సన్నటి మేసన్ ఇసుక రెండు అంగుళాలు, తడిపి దిమ్మిస చేసి, పైన పల్చటి ప్యాడ్. డబ్బు ఒకదానికే ఉంటే నేను ఇసుకే అంటాను.

మొదటి నుంచీ వేస్తే 24 అడుగుల పూల్‌కి రెండు అంగుళాల ఇసుక సుమారు మూడు క్యూబిక్ యార్డులు పడుతుంది. మీకు కింద ఉన్నది ఎటూ ఉంటుంది, సగం కూడా అక్కర్లేకపోవచ్చు. కంకర ఇసుక తెచ్చుకోకండి. ప్రతి గులకరాయీ తర్వాత అరికాలికి తెలుస్తుంది.

కోవ్ మాత్రం మానొద్దు. గోడ, నేల కలిసే మూల చుట్టూ ఏటవాలుగా పెట్టే గట్టు అది. అది లేకపోతే నీటి బరువుకి లైనర్ గోడ కింద సందులోకి తోసుకుపోయి, గోడ కూర్చునే అడుగు రెయిల్ అంచుకి కోసుకుంటుంది. ఇసుకతో నాలుగు నుంచి ఆరు అంగుళాలు చేయొచ్చు, లేదా నాలుగడుగుల ఫోమ్ ముక్కలు అంటించేవి దొరుకుతాయి. మీ చుట్టుకొలత 75 అడుగుల చిల్లర, 19 ముక్కలు కావాలి. ఇక్కడ మాత్రం నా ఓటు ఫోమ్‌కే. లైనర్ సర్దుతూ అడుగు పెట్టినా ఇసుక గట్టులా చెదరదు.

సీమ_రైతు (అనంతపురం)

ఈ థ్రెడ్ ఎలాగో కంటబడింది, మొత్తం చదివేశా. మా దగ్గర చేపలకు, చీనీ తోటలకు ఫారం పాండ్లలో 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరుస్తాం. పూల్ ఎన్నడూ చూడలేదు గానీ షీటు గుణం ఎక్కడైనా ఒకటే కదా. మేము పొద్దున్నే, గాలి లేవకముందే పరుస్తాం. బిగించి లాగితే రాత్రి చల్లబడి కుంచించుకుని గట్టు అంచున పీకేస్తుంది, అందుకే కాస్త వదులుగా వదులుతాం. షీటు మీదికి చెప్పులేసుకుని ఎవరొచ్చినా అరుస్తాం.

మీరు షీటుని గట్టున కాలవ తీసి మట్టితో పూడ్చరు, గోడకి తగిలిస్తారు, అదొక్కటే తేడా అనిపిస్తోంది.

కొలంబస్_మావయ్య

అన్నా, చెప్పుల మాట నూటికి నూరు పాళ్ళు. ఉంగరాలు, జేబులో తాళాలు కూడా తీసేయాలి.

చిన్న తేడా ఏంటంటే మీ షీటు వినైల్ కాదు, అంతగా సాగదు. వినైల్ వెచ్చగా ఉంటే బాగా సాగుతుంది, కాబట్టి మేము పొద్దున మరీ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టం. ఇక్కడి లెక్కలో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక, గాలి లేని రోజు. డబ్బాలోంచి తీసి కాసేపు ఎండలో ఆరబెడితే మడతలు వదులుతాయి.

లత_ఫ్రిస్కో

టెక్సస్ వాళ్ళు ఆ "ఎండలో" అన్న మాట పట్టుకోవద్దు! జూలైలో పచ్చిక మీద పరిస్తే కింద గడ్డి మాడిపోతుంది, లైనర్ మరీ మెత్తబడి ఎక్కువ సాగిపోతుంది. మాకు పొద్దున తొమ్మిదికల్లా వేసేశారు.

పెరటి_పూల్

ఖాళీ చేశాం, పాత లైనర్ తీసేశాం. ఫోటోలు పెట్టాను. రెండు సమస్యలు.

ఒకటి, స్కిమ్మర్ కింద గోడ మీద చేతి వెడల్పున తుప్పు. రెండు, గోడ మీద పాత నీటి గీత చూస్తే ఒక వైపు కన్నా ఇంకో వైపు ఒక అంగుళం పైన ఉంది. అంటే పూల్ ఒరిగినట్టేనా? గోడ విప్పాలా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

కొలంబస్_మావయ్య

అంగుళం తేడాకి గోడ విప్పొద్దు. అంగుళం దాకా చాలా పూల్స్ అలాగే ఉంటాయి. రెండు అంగుళాలు దాటితే అప్పుడు ఆలోచించాలి, ఎందుకంటే పల్లం వైపు గోడ మీద భారం ఎక్కువ పడుతుంది. ఎప్పుడైనా విప్పి సరిచేయాల్సి వస్తే, మిట్టని తవ్వి దించాలి గానీ పల్లంలో మట్టి పోసి లేపకూడదు. పోసిన మట్టి దిగిపోతుంది.

తుప్పు సంగతే తేల్చుకోవాలి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. లోపలికి దిగిందా, పైపైన పొట్టే రాలిందా?

దీన్ని ఎందుకు ఇంత సీరియస్‌గా అడుగుతున్నానంటే, నాలుగడుగుల నీళ్ళు నిలిస్తే మీ పూల్‌లో 13,500 గ్యాలన్లుంటాయి, అంటే యాభై టన్నులు దాటిన బరువు. గోడ అడుగున ప్రతి చదరపు అడుగు మీదా సుమారు 250 పౌన్ల ఒత్తిడి. రేకు పల్చబడిన చోట గోడ చీలితే నీళ్ళన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి, అడ్డంగా ఉన్న మనిషినీ ఈడ్చుకుపోతాయి.

పెరటి_పూల్

దిగలేదు. పొట్టు రాలింది, కింద తెల్లగా లోహం కనిపిస్తోంది. అడుగు రెయిల్ చుట్టూ గీకి చూశాను, అక్కడ బాగానే ఉంది.

కొలంబస్_మావయ్య

అయితే బతికిపోయారు. వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పుని ఆపే ప్రైమర్ వేసి, పైన పెయింట్ వేసి బాగా ఆరనివ్వండి. చిన్న రంధ్రం ఉండి ఉంటే లోపలి వైపు రేకు ముక్క అతికించి అంచులకి టేపు వేసేవాళ్ళం. అడుగు రెయిల్ పొడుగునా తినేసి ఉంటే మాత్రం లైనర్ వాపసు ఇచ్చేయమని చెప్పేవాణ్ణి.

గోడ రెండు చివరలు కలిసే చోట బోల్టుల వరస ఉంటుంది చూశారా, లోపలి వైపు బోల్టు తలల మీద డక్ట్ టేపు మూడు పొరలు అడ్డంగా వేయండి. పూల్ లోపలంతా చేత్తో తడుముతూ ఒక చుట్టు తిరగండి. వేలికి తగిలిందేదైనా లైనర్‌కీ తగులుతుంది.

ఇంకో సంగతి: పైన రెయిళ్ళన్నీ విప్పేసి, మిగతా పని రేపు చూద్దాంలే అని పడుకోవద్దు. నీళ్ళు లేని గోడకి బలం ఆ పై పట్టీలే. రాత్రి గాలొస్తే గోడ మడతపడి కూర్చుంటుంది, అలా మడత పడిన స్టీల్ మళ్ళీ తిన్నగా రాదు. లైనర్ వేసే రోజు పొద్దునే విప్పండి.

వాసు_ఎలక్ట్రికల్

ఎవరూ దీని గురించి మాట్లాడలేదు కాబట్టి నేను. మీ మూడో ఫోటోలో పంపు పక్కన ఒక రాగి తీగ తెగి వేలాడుతోంది. అది అలంకారానికి కాదు, బాండింగ్ తీగ.

అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో 680వ ఆర్టికల్ పూల్స్ గురించే. నీటి లోతు 42 అంగుళాలు దాటితే అది శాశ్వత పూల్ కిందికి వస్తుంది, మీదీ అంతే. స్టీల్ గోడ, పంపు మోటారు, చుట్టూ అయిదు అడుగుల లోపు ఉన్న లోహపు నిచ్చెన, రెయిలింగ్ అన్నీ నంబర్ 8 సాలిడ్ రాగి తీగతో కలిపి ఉండాలి. పూల్ చుట్టూ నేలలో కూడా ఒక తీగ తిరగాలి, గోడ నుంచి 18–24 అంగుళాల దూరంలో, 4–6 అంగుళాల లోతులో. నీళ్ళకీ ఒక లోహపు కనెక్షన్ ఉండాలి. వినైల్ లైనర్ నీటిని గోడ నుంచి వేరు చేసేస్తుంది కదా, అందుకే అది విడిగా కావాలి. చాలామంది స్కిమ్మర్‌లో పెట్టే ప్లేటు వాడతారు.

ఇదంతా ఎర్త్ కోసం అనుకుంటారు. కాదు. ఏదైనా కరెంటు లీకేజీ వస్తే నీళ్ళకీ నిచ్చెనకీ మధ్య వోల్టేజీ తేడా లేకుండా చూడటం దీని పని. తడి ఒంటికి కొద్ది వోల్టులు కూడా చాలు. పూల్ ఖాళీగా ఉంది, చుట్టూ తవ్వడం తేలిక, ఇప్పుడే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పంపు ప్లగ్ జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే సాకెట్) మీదే ఉందా అన్నది కూడా చూడమనండి.

పెరటి_పూల్

వాసు గారూ, ఆ తీగ ఏదో పాత కేబుల్ అనుకుని కత్తిరించేయబోయాం! ఎలక్ట్రీషియన్ గురువారం వస్తున్నాడు. శనివారం లైనర్. మా ఆవిడ తమ్ముడు, ఇద్దరు స్నేహితులు, బిర్యానీ ఎర మీద వస్తున్నారు.

కొలంబస్_మావయ్య

బిర్యానీ పని అయ్యాక పెట్టండి.

శనివారానికి వరస చెప్తాను. నలుగురూ లైనర్‌ని మధ్యలో పెట్టి విప్పి, అడుగు అతుకు గోడ వెంట చుట్టూ ఒకే దూరంలో కనిపించేలా తిప్పండి. అది ఒక పక్క గోడ ఎక్కి ఇంకో పక్క నేల మీదికి వచ్చిందంటే లైనర్ మధ్యలో లేదన్నమాట, పైన ఎంత లాగినా ముడత పోదు. తర్వాత గోడ మీదికి ఎత్తి, కోపింగ్ పట్టీలతో వదులుగా పట్టించి, వాటి పైన గోడని నిలబెట్టే స్టెబిలైజర్ గొట్టాలు పెట్టేయండి.

ముడతలకి మందు షాప్ వ్యాక్ (గ్యారేజీలో వాడే పెద్ద వాక్యూమ్ క్లీనర్). స్కిమ్మర్ రంధ్రంలోంచి గొట్టాన్ని లైనర్‌కీ గోడకీ మధ్య నేలకి కాస్త పైదాకా దింపి, స్కిమ్మర్, రిటర్న్ (పంపు నుంచి నీళ్ళు తిరిగొచ్చే) రంధ్రాలు టేపుతో మూసేసి ఆన్ చేయండి. గాలి పీల్చుకోగానే లైనర్ గోడకి, నేలకి అంటుకుపోతుంది. అప్పుడు ముడత ఎక్కడుందో కనిపిస్తుంది. పైన ఆ చోట పట్టీ వదులు చేసి లాగండి. వ్యాక్ ఆపకుండానే గొట్టంతో నీళ్ళు వదలండి. ఒక అంగుళం నీళ్ళు రాగానే దిగి, వట్టి కాళ్ళతో మధ్య నుంచి గోడ వైపు ముడతలు తోయండి. నాలుగైదు అంగుళాలు దాటాక ఇక ముడత కదలదు.

లైనర్‌లో రంధ్రాలు ఇప్పుడే కోయొద్దు. మళ్ళీ చెప్తున్నా, కోయొద్దు. నీళ్ళు ఎక్కుతూ రిటర్న్‌కి రెండు అంగుళాల దిగువ దాకా వచ్చాక రిటర్న్ కోయాలి, స్కిమ్మర్‌కి రెండు అంగుళాల దిగువ దాకా వచ్చాక స్కిమ్మర్. నీటి బరువుకి లైనర్ సాగి కిందికి దిగుతుంది. ముందే కోస్తే రంధ్రం కూడా దిగిపోతుంది.

పెరటి_పూల్

శనివారం రాత్రి అప్‌డేట్. వ్యాక్ ఆన్ చేయగానే మా వాళ్ళందరూ ఈలలు వేశారు, అంత తేడా! నిచ్చెన దగ్గర ఒక వంకర ముడత మిగిలింది, మిగతా అంతా సాఫు. నీళ్ళు ఎక్కుతున్నాయి. గొట్టం నిమిషానికి తొమ్మిది గ్యాలన్లు ఇస్తోంది, ఆ లెక్కన పూర్తిగా నిండాలంటే ఒక రోజు పైనే.

స్కిమ్మర్ రంధ్రం చుట్టూ లైనర్‌ని పట్టే ప్లేటు ముందు బిగించి తర్వాత కోయాలా, కోశాక బిగించాలా?

కిరణ్_మిస్సిసాగా

ముందు బిగించాలి. ఒక గ్యాస్కెట్ (కారకుండా ఆపే పట్టీ) గోడకీ లైనర్‌కీ మధ్య, ఇంకోటి లైనర్‌కీ ప్లేటుకీ మధ్య. రెండూ కొత్తవే. స్క్రూ రంధ్రాల్ని వేలితో తడిమి కనిపెట్టి, సన్నటి మొనతో పొడిచి, ఎదురెదురు మూలల నుంచి కొద్దికొద్దిగా బిగించండి. అన్నీ బిగిశాక ప్లేటు లోపలి అంచు వెంట కత్తి తిప్పండి. పవర్ డ్రిల్లు వద్దు, ప్లాస్టిక్ చిట్లుతుంది.

లత_ఫ్రిస్కో

కొన్ని ఊళ్ళలో పూల్ నింపిన నీటికి మురుగు చార్జీ తగ్గిస్తారు, ఎందుకంటే ఆ నీళ్ళు డ్రైనేజీలోకి పోవు కదా. నింపేముందూ తర్వాతా మీటరు ఫోటో తీసుకుని మీ టౌన్‌షిప్‌ని అడిగి చూడండి.

పెరటి_పూల్

నిండింది. రిటర్న్, స్కిమ్మర్ రెండూ కారడం లేదు. ఇక మందుల సంగతి చెప్పండి. పాత డబ్బాలో క్లోరిన్ బిళ్ళలున్నాయి, వేసేయనా?

కొలంబస్_మావయ్య

నీళ్ళలోకి నేరుగా వేయొద్దు! బిళ్ళ అడుగున కూర్చున్న చోట తెల్లటి మచ్చ పడుతుంది, అది పోదు. నీటి మీద తేలే ఫ్లోటర్‌లోనో, పైపుకి బిగించే ఫీడర్‌లోనో పెట్టండి. షాక్ పొడి (ఒకేసారి ఎక్కువ మోతాదులో వేసే క్లోరిన్) అయితే బకెట్ నీళ్ళలో కలిపి పోయండి, బకెట్‌లో ముందు నీళ్ళు, తర్వాత పొడి. పీహెచ్ 7.2–7.8 మధ్య ఉంచండి. అంతకన్నా బాగా తగ్గి అలాగే ఉండిపోతే వినైల్ ఉబ్బి ముడతలు పడుతుంది. అప్పుడు మీరు పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. కొత్త నీళ్ళలో స్టెబిలైజర్ (క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడే మందు) ఉండదు, ఎండకి క్లోరిన్ సాయంత్రానికి ఎగిరిపోతుంది. 30–50 పీపీఎం దాకా వేయండి.

నిచ్చెన అడుగున ఒక రబ్బరు చాప వేయండి. వాడనప్పుడు నిచ్చెన పైకి తీసేయండి, పిల్లలున్న ఇల్లు.

సునీల్_షార్లెట్

అందరికీ థాంక్స్, చదువుతూ నోట్స్ రాసుకున్నా. మాది 15 బై 30 ఓవల్. ఇదే పద్ధతి పనికొస్తుందా?

కొలంబస్_మావయ్య

లైనర్ వరకు చాలావరకు ఇదే. కానీ ఓవల్‌కి పొడుగు వైపు గోడని ఆపేది పక్కన ఊతంగా ఉండే బట్రెస్‌లు, నేల కింద పట్టీలు. వాటికి తుప్పు పట్టిందో లేదో ముందు చూడాలి. ఫోటోలతో వేరే థ్రెడ్ తెరవండి, అక్కడికి వస్తాను.